తోసేది మనం, తోలేది వాళ్ళు

ఈ వరసలో ఇది 23వ వ్యాసం. హాస్టల్ మెస్ చార్జీల గురించి రాస్తానని పోయినవారం మాటిచ్చాను. అది వచ్చేవారం. ఈలోగా చెప్పాల్సిన మాట ఒకటి గొంతులో అడ్డంపడింది.

మొన్న ఆదివారం చీరాలలో ఒక విద్యార్థుల సమావేశానికి వెళ్ళాను. ఆటల్లో ఆడపిల్లలు అన్నది అంశం. మాట్లాడిన పెద్దాయన మంచివాడే, చదువుకున్నవాడే. "ఆటకి కులం లేదు. మైదానంలో అందరూ ఒకటే. సత్తా ఉంటే ఏ అడ్డుగోడా ఆపలేదు" అన్నాడు. ఉదాహరణగా ఒక అమెరికన్ నల్ల మహిళ పేరు చెప్పాడు. మంచు బండి పోటీలో ఒలింపిక్ స్వర్ణం కొట్టింది చూడండి, అంతా పట్టుదలే అన్నాడు. పిల్లలు చప్పట్లు కొట్టారు. మన పిల్లలు కూడా కొట్టారు.

ఆయన చెప్పిన ఉదాహరణ నిజమే. ఆయన చెప్పింది మాత్రం అందులో సగమే. మిగతా సగం నేను చెబుతాను.

ఆ ఆట పేరు బాబ్‌స్లెడ్. మన వేటపాలెం ఇసుకలో పుట్టినవాళ్ళకి దాని ఊహే రాదు. కొండవాలు మీద గడ్డకట్టిన మంచుతో మలుపులు మలుపులుగా కట్టిన కాలువ, అందులో జారే ఇనుప బండి. ఇద్దరి పోటీలో ముందు ఇద్దరూ కలిసి ఆ బండిని తోస్తూ యాభై మీటర్ల దాకా పరిగెత్తి లోపలికి దూకుతారు. ఆ తర్వాత గంటకి 120 కిలోమీటర్లు దాటిన వేగం. ముందు కూర్చున్న మనిషి చేతిలో పగ్గాలుంటాయి. మలుపులు చూసేది, బండి నడిపేది ఆమె. వెనక మనిషి పని తొయ్యడం, ఆఖర్న బ్రేకు లాగడం. మధ్యలో తల రెండు మోకాళ్ళ మధ్యకి వంచుకుని కూర్చోవాలి. దారి కనపడదు. బండి ఎటు పోతోందో ఒంటికి తగిలే కుదుపుని బట్టే తెలియాలి.

ఇదొక్కటి గుర్తుపెట్టుకోండి. మిగతా వ్యాసమంతా దీని మీదే.

పెద్దాయన చెప్పిన ఆవిడ వొనెటా ఫ్లవర్స్. ఊరు అలబామా రాష్ట్రంలోని బర్మింగ్‌హామ్. 1963లో ఆ ఊళ్ళోనే తెల్ల జాత్యహంకారులు చర్చిలో బాంబు పెట్టి నలుగురు నల్ల ఆడపిల్లల్ని చంపారు. వొనెటా పరుగు, లాంగ్ జంప్ క్రీడాకారిణి. 2000 ఒలింపిక్స్‌కి అమెరికా జట్టులో చోటు దొరకలేదు. ఆ ఎంపిక పోటీల దగ్గరే ఒక కరపత్రం కనపడింది: అథ్లెట్లూ, బాబ్‌స్లెడ్ ప్రయత్నించండి అని. ప్రయత్నించింది. 2002 ఫిబ్రవరి 19న సాల్ట్ లేక్ సిటీలో జిల్ బకెన్‌తో కలిసి స్వర్ణం గెలిచింది. శీతాకాల ఒలింపిక్స్‌లో స్వర్ణం గెలిచిన మొట్టమొదటి నల్ల మనిషి, ఆడా మగా అందరిలోనూ. ఆడవాళ్ళ బాబ్‌స్లెడ్‌ని ఒలింపిక్స్‌లో పెట్టడం కూడా అదే మొదటిసారి.

అది గొప్ప రోజు. నేను తగ్గించి మాట్లాడటం లేదు. కానీ బండిలో ముందు కూర్చున్నది ఎవరు? తెల్లావిడ బకెన్. వెనక తల వంచుకున్నది వొనెటా. ఇది బకెన్ తప్పు అని నేననను. ఆ ఆట నల్లవాళ్ళని పిలిచిందే పరుగు మైదానాల నుంచి, వాళ్ళ కాళ్ళలో బలం కోసం. పగ్గాలు పట్టుకోమని కాదు.

అందుకే ఆ తర్వాత వచ్చిన ఎలనా మేయర్స్ టేలర్ కథ నాకు ఇంకా ముఖ్యం. ఈవిడా నల్ల మహిళే. 2010 వాంకూవర్‌లో వెనక కూర్చుని కాంస్యం గెలిచింది. చాలామంది అక్కడితో తృప్తిపడేవాళ్ళు. ఈవిడ ముందు సీటు అడిగింది. బండి నడపడం మొదటి నుంచి నేర్చుకుంది. 2014లో, 2018లో తనే నడిపి రజతాలు తెచ్చింది. 2015లో ప్రపంచ ఛాంపియన్ అయింది. 2022 బీజింగ్‌లో, ఒక్క మనిషే తోసుకుని తనే నడుపుకునే కొత్త పోటీలో రజతం, ఇద్దరి పోటీలో కాంస్యం. 2020లో అమెరికాలో నల్లవాళ్ళ ఉద్యమం రోడ్ల మీదున్నప్పుడు, తన ఆటలో ఉన్న జాతి వివక్ష గురించి నోరు విప్పి చెప్పింది. పతకాలు తెచ్చిన మనిషి కూడా అలా చెప్పాల్సి వచ్చింది చూడండి.

ఇంతకీ ఈ మంచు ఊసు మనకెందుకంటారా? మా అక్క గురించి చెప్పాలి.

మా పిన్ని కూతురు, నాకన్నా నాలుగేళ్ళు పెద్దది. 1994లో తొమ్మిదో తరగతి. మా పల్లె నుంచి బడికి, బడి నుంచి పల్లెకి ఇసుకలో ఉత్త కాళ్ళతో తిరిగిన పిల్ల. పరిగెత్తితే మగపిల్లలు కూడా వెనకపడేవాళ్ళు. రిలే పరుగులో ఆఖరి వంతు అక్కదే. ముందు ముగ్గురూ ఎంత వెనకపెట్టినా అక్క లాక్కొచ్చేది. డ్రిల్లు మాస్టారు ముచ్చటపడి అనేవాడు: "మీవాళ్ళకి పరుగు రక్తంలోనే ఉంటుందే. పొలాల్లో తిరిగిన కాళ్ళు కదా."

ఆయన దాన్ని పొగడ్త అనుకున్నాడు. మేమూ అలాగే అనుకున్నాం.

ఒకరోజు అక్క అడిగింది, "సార్, ఈసారి నన్ను కెప్టెన్ చెయ్యండి" అని. మాస్టారు నవ్వాడు. "కెప్టెనంటే స్టేజి మీద మాట్లాడాలి, పెద్దవాళ్ళతో మెలగాలి, పేర్లు రాసి లెక్క చూడాలి. అదంతా నీకెందుకే. నువ్వు పరిగెత్తు చాలు" అన్నాడు. కెప్టెన్ ఊళ్ళో పెద్ద కులం అమ్మాయి. కప్పు అందుకున్నది ఆ అమ్మాయి. ఫొటోలో మధ్యలో నిలబడ్డదీ ఆ అమ్మాయే. అక్క ఆ చివర, సగం మొహం.

తర్వాత జిల్లా పోటీలు. అప్పుడు మాది ప్రకాశం జిల్లా, ఒంగోలు వెళ్ళాలి. బస్సు చార్జీలు, బూట్లు ఎవరివి వాళ్ళే పెట్టుకోమన్నారు. మా బాబాయి దగ్గర లేవు. అక్క వెళ్ళలేదు. ఆ వేసవిలో జీడిగింజలు కొట్టే పనికి వెళ్ళింది. వేటపాలెం జీడిపప్పు అంటే ఊరూరా పేరే కదా. ఆ పప్పు తినేవాళ్ళు, కొట్టే చేతులెలా ఉంటాయో ఎప్పుడైనా చూశారా? పెంకులోంచి కారే సొన అంటితే తోలు కాలి పొరలు పొరలుగా లేస్తుంది. అక్క మళ్ళీ బడికి రాలేదు.

"నువ్వు పరిగెత్తు చాలు." ముప్పై ఏళ్ళుగా ఆ మాట నా చెవిలోంచి పోలేదు. బాబ్‌స్లెడ్ గురించి చదివిన రోజున ఆ మాటకి అర్థం దొరికింది. వాళ్ళకి మన ఒంట్లో బలం కావాలి. మన తలకాయ అక్కర్లేదు. బలాన్ని పుట్టుకకి ముడిపెట్టి పొగిడేది, తెలివిని లెక్కలోంచి తీసెయ్యడానికే. నల్లవాళ్ళ కాళ్ళు గట్టివి అనడం, మీవాళ్ళకి పరుగు రక్తంలోనే ఉందనడం ఒకటే మాట.

ఇది నిన్న మొన్న పుట్టిన జబ్బు కాదు. పల్వంకర్ బాలూ పేరు మన పిల్లల్లో ఎంతమందికి తెలుసు? చమార్ కులంలో పుట్టిన బౌలర్. పూనాలో తెల్లదొరల క్లబ్బులో పిచ్ చదును చేసేవాడు. దొరలు గంటల తరబడి ఆయన చేత బంతులు వేయించుకున్నారు, బ్యాటు మాత్రం చేతికివ్వలేదు. హిందువుల జట్టులోకి తీసుకున్నాక టీ విరామంలో బయట నిలబెట్టి మట్టి ముంతలో టీ పోశారు. 1911లో ఇంగ్లండ్ వెళ్ళి 114 వికెట్లు తీశాడు. అయినా కెప్టెన్‌ని చెయ్యలేదు. చివరికి 1923లో ఆయన తమ్ముడు విఠల్ కెప్టెన్ అయ్యాడు. బంతి వేసేది మనం, జట్టు నడిపేది వాళ్ళు. బండి మారింది, సీట్లు మారలేదు.

"అవన్నీ పాత రోజులు" అనేవాళ్ళకి 2021 గుర్తుచేస్తాను. టోక్యో ఒలింపిక్స్‌లో దక్షిణాఫ్రికా మీద మూడు గోల్స్ కొట్టింది వందనా కటారియా. ఒలింపిక్ హాకీలో హ్యాట్రిక్ చేసిన తొలి భారత మహిళ. కొద్దిరోజులకే సెమీఫైనల్లో మన జట్టు అర్జెంటీనా చేతిలో ఓడింది. హరిద్వార్ దగ్గర ఆమె ఇంటి ముందు కొందరు టపాకాయలు కాల్చారు. జట్టులో దళితులు ఎక్కువయ్యారు కాబట్టే ఓడారని కులం పేరుతో తిట్టారు. గెలిస్తే భారత పుత్రిక, ఓడితే కులం. ఆటకి కులం లేదన్న పెద్దాయన ఆ టపాకాయల చప్పుడు వినలేదా?

ఇంకో ముచ్చట. ఇది ముఖ్యంగా మన చెల్లెళ్ళ కోసం. మా ఊళ్ళో సారస్వత నికేతనం ఉంది. 1918 నుంచి ఉన్న గ్రంథాలయం. గాంధీ వచ్చి పునాదిరాయి వేశాడని మా ఊరివాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. నేను చదువుకున్నది చాలావరకు అక్కడే. గ్రంథాలయాల సంగతి తెలిసినవాళ్ళకి మెల్విల్ డ్యూయీ తెలుసు, పుస్తకాలకి దశాంశ వర్గీకరణ కనిపెట్టిన ఆయన. అదే డ్యూయీ అమెరికాలో లేక్ ప్లాసిడ్ క్లబ్ పెట్టి, యూదుల్నీ నల్లవాళ్ళనీ సభ్యులుగా రానివ్వలేదు. ఆ లేక్ ప్లాసిడే అమెరికాలో బాబ్‌స్లెడ్‌కి పుట్టిల్లు. 1940లో ఆయన మనవరాలు కాథరిన్ డ్యూయీ బండి నడిపి, మగవాళ్ళని ఓడించి జాతీయ పోటీ గెలిచింది. వెంటనే ఏం చేశారు? ఇది మగాళ్ళ ఆట అని ఆడవాళ్ళని బయటపెట్టారు. ఒలింపిక్స్‌లో ఆడవాళ్ళు ఆ బండెక్కడానికి 2002 దాకా పట్టింది.

తాత కట్టిన కంచె మనవరాలికీ తగిలింది. పెద్ద కులాల చెల్లెళ్ళకి నేను చెప్పేది ఇదే. మా అక్కని వెనక నిలబెట్టిన పద్ధతి మిమ్మల్నీ ఎక్కువ దూరం పోనివ్వదు. కానీ మీ కంచె, మా కంచె ఒకటేనని మాత్రం చెప్పకండి. కాథరిన్ క్లబ్బు లోపలి నుంచి బయటికి వచ్చింది. వొనెటా తాతముత్తాతలకి ఆ గుమ్మమే లేదు.

సరే, ఇదంతా ఏడుపేనా, గెలుపు లేదా? ఉంది. మన తెలుగు నేల మీదే ఉంది, అదీ మంచు మీదే.

2014 మే 25. మాలావత్ పూర్ణ ఎవరెస్టు ఎక్కింది. వయసు 13 ఏళ్ళ 11 నెలలు. అప్పటికి ఆ శిఖరం ఎక్కిన ఆడపిల్లలందరిలో చిన్నది. నిజామాబాద్ జిల్లా పాకాల, లంబాడీ బిడ్డ, అమ్మానాన్నా వ్యవసాయ కూలీలు. పక్కనే ఇంకో పిల్లాడు, సాధనపల్లి ఆనంద్ కుమార్, ఖమ్మం జిల్లా దళిత బిడ్డ. ఆనంద్ పేరు పత్రికలు తొందరగానే మర్చిపోయాయి, మనం మర్చిపోకూడదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకుల విద్యార్థులు. శిఖరం మీదికి అంబేడ్కర్ బొమ్మనీ, ఎస్.ఆర్. శంకరన్ బొమ్మనీ తీసుకెళ్ళారు. పూర్ణ అక్కడితో ఆగలేదు. 2022 జూన్‌లో అలాస్కాలోని డెనాలి ఎక్కి ఏడు ఖండాల ఎత్తయిన శిఖరాలూ పూర్తిచేసింది.

పత్రికలు ఏం రాశాయి? "పేదరికాన్ని జయించిన గిరిజన బాలిక", "పట్టుదలకి మారుపేరు". పట్టుదల లేదని ఎవరన్నారు? మా అక్కకీ ఉంది పట్టుదల. మరి అక్క ఒంగోలు ఎందుకు పోలేకపోయింది, పూర్ణ ఎవరెస్టుకి ఎలా పోగలిగింది? తేడా పట్టుదలలో లేదు. పూర్ణ వెనక ప్రభుత్వ గురుకులం ఉంది. భువనగిరి గుట్ట మీద శిక్షణ, డార్జిలింగ్‌లో శిక్షణ, లడఖ్ చలిలో శిక్షణ, బూట్లు, బట్టలు, తిండి, టికెట్లు అన్నీ ప్రజల డబ్బు. అన్నిటికన్నా పెద్దది ఇంకోటుంది. ఆ రోజు గురుకులాల పగ్గాలు దళితుడైన అధికారి ఆర్.ఎస్. ప్రవీణ్ కుమార్ చేతిలో ఉన్నాయి. ఆయన తర్వాత పట్టిన రాజకీయాలతో నాకు పేచీలున్నాయి, అది వేరే వ్యాసం. కానీ మన పిల్లలకి ఏం కావాలో, ఎంత దూరం పోగలరో నిర్ణయించే కుర్చీలో మనవాడు కూర్చుంటే ఏమవుతుందో ఆ ఏడాది లోకం చూసింది. 2023లో హాంగ్‌జౌ ఏషియన్ గేమ్స్ హెప్టథ్లాన్‌లో కాంస్యం తెచ్చిన అగసర నందిని కూడా గురుకులాల్లో చదివిన బిడ్డే. ఇవి అద్భుతాలు కావు. డబ్బూ పగ్గాలూ సరైన చోట ఉంటే వచ్చే మామూలు ఫలితాలు.

దీనికి రెండు అభ్యంతరాలు వస్తాయి. రెండూ కొట్టిపారేసేవి కావు.

ఒకటి: పదమూడేళ్ళ పిల్లని చావు అంచుకి పంపుతారా? ఆ ఏడాదే ఏప్రిల్ 18న నేపాల్ వైపు మంచు విరిగిపడి 16 మంది చనిపోయారు. నేపాల్ పదహారేళ్ళలోపు వాళ్ళకి అనుమతి ఇవ్వదు, అందుకే పిల్లల్ని టిబెట్ వైపు నుంచి తీసుకెళ్ళారు. నిజం చెప్పాలంటే నా కూతురైతే నేను పంపేవాణ్ణో లేదో తెలియదు. కాబట్టి ఆ ప్రశ్న అడగొచ్చు. కానీ అడిగేవాళ్ళని ఒకటి అడుగుతాను. పదమూడేళ్ళ పిల్ల పత్తి చేలో పురుగుమందు పీలుస్తుంటే, జీడి సొనలో చేతులు కాల్చుకుంటుంటే మీకు ఆ వయసు ఎందుకు గుర్తురాలేదు? అక్కడ గుర్తొచ్చి, ఇక్కడా గుర్తొస్తే మీ బాధని గౌరవిస్తాను. కొండెక్కినప్పుడు మాత్రమే గుర్తొస్తే, మీకు అభ్యంతరం ప్రమాదం మీద కాదు, ఎత్తు మీద.

ఆ చనిపోయిన 16 మంది గురించి మనం కూడా ఆలోచించాలి. అందరూ మూటలు మోసే, తాళ్ళు కట్టే నేపాలీ కొండ కార్మికులు, ఎక్కువమంది షెర్పాలు. ఎవరెస్టు మీద తోసేవాళ్ళు వాళ్ళే. శిఖరం మీద ఫొటో ఎవరిదైనా, వెనక వాళ్ళ వీపులున్నాయి. పూర్ణ గెలుపు చెప్పుకుంటూ వాళ్ళని మర్చిపోతే మనమూ ఆ డ్రిల్లు మాస్టారి లాగే అయిపోతాం.

రెండోది మన ఉద్యమ మిత్రులే అడుగుతారు: హాస్టళ్ళలో మరుగుదొడ్లకి దిక్కులేదు, ఇద్దరి కోసం ఎవరెస్టు ఖర్చు ఎందుకు? అన్నా, మరుగుదొడ్లు కావాలి. దానికోసం మనం ధర్నా చేద్దాం, నేను ముందుంటాను. కానీ మనవాళ్ళకి మరుగుదొడ్డి చాలు, శిఖరం వాళ్ళకి అనే లెక్క ఎవరు వేశారు? మన బడ్జెట్‌లో ఒకదాన్ని కోసి ఇంకోటి పెట్టమనడం పాలకుల ఎత్తుగడ. 2013లో కొట్లాడి తెచ్చుకున్న ఉపప్రణాళిక చట్టం ఉంది. ఆ డబ్బు ఎటు పోతోందో అడగండి. మనం ఒకళ్ళ మీద ఒకళ్ళం పడొద్దు.

చీరాల దాటితే కారంచేడు. 1985 జూలైలో చెరువు దగ్గర, పెద్దకులం కుర్రాళ్ళు కొట్టబోతే బిందె ఎత్తి అడ్డుపెట్టుకుంది మున్నంగి సువార్త. మర్నాడు మన పల్లె మీద పడి ఆరుగురిని చంపారు. ఆ నెత్తుటిలోంచే దళిత మహాసభ పుట్టింది. ఎందుకు గుర్తుచేస్తున్నానంటే, మన ఆడవాళ్ళ ఒంట్లో బలం ఎప్పుడూ తక్కువ కాదు. వాళ్ళు ఓర్వలేనిది ఆ బలాన్ని కాదు. ఆ బలం తన కోసం తాను చెయ్యి ఎత్తడాన్ని. తలొంచుకుని తోసినంతకాలం మనం గట్టివాళ్ళం. తలెత్తి పగ్గం అడిగిన రోజున పొగరుబోతులం.

కాబట్టి విద్యార్థి మిత్రులారా, ఇకనుంచి పతకం వచ్చినప్పుడు చప్పట్లతో పాటు కొన్ని ప్రశ్నలు కూడా అడుగుదాం. ఈ జట్టుని ఎంపిక చేసింది ఎవరు? కోచ్ ఎవరు? సంఘానికి అధ్యక్షుడు ఎవరు? అందులో మన ఆడవాళ్ళు ఎంతమంది? మన గురుకులాల్లో వ్యాయామ ఉపాధ్యాయుల పోస్టులు ఎన్ని ఖాళీ? ఆడుకోవడానికి స్థలం ఉందా, లేక ప్రార్థనకి నిలబడే జాగానే మైదానం అంటున్నారా? సమాచార హక్కు దరఖాస్తుకి పది రూపాయలు. ఒక్కో విద్యార్థి ఒక్కో గురుకులం గురించి దరఖాస్తు పెట్టండి. జవాబులు వచ్చాక అన్నీ కలిపి ఇక్కడే వేద్దాం.

ఇంకోటి. పతకం దగ్గర ఆగొద్దు. శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్ళిన కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీలో కాంస్యం తెచ్చింది, ఒలింపిక్ పతకం గెలిచిన తొలి భారత మహిళ. ఢిల్లీ స్పోర్ట్స్ యూనివర్సిటీకి వైస్ ఛాన్సలర్ అయింది 2021లో. పతకానికీ కుర్చీకీ మధ్య 21 ఏళ్ళు. ఆ దూరం తగ్గించడం మన పని.

సమావేశం అయ్యాక అక్క ఇంటికి వెళ్ళాను. అక్క కూతురు గురుకులంలో తొమ్మిదో తరగతి, సెలవులకి వచ్చింది. వాళ్ళమ్మ కాళ్ళే వచ్చాయి. ఏమ్మా, ఒలింపిక్స్‌కి పోతావా అని సరదాకి అడిగాను. అది నవ్వలేదు. "మావయ్యా, కోచ్ అవ్వాలంటే ఏం చదవాలి?" అంది.

అక్క గిన్నెలు కడుగుతున్నదల్లా ఆగి ఇటు చూసింది.

చెప్పాను. డిగ్రీ చెయ్యి, తర్వాత బి.పి.ఎడ్. చెయ్యి, ఆ పైన పాటియాలాలో జాతీయ క్రీడా సంస్థ ఉంది, అక్కడ కోచింగ్ డిప్లొమా ఇస్తారు. ఒక కాగితం మీద రాసిచ్చాను. ఇది చదివే చెల్లెళ్ళలో ఎవరికైనా అదే ప్రశ్న ఉంటే ఇదే జవాబు. దారి తెలిసినవాళ్ళు కింద రాయండి, ఫీజులు, ప్రవేశ పరీక్షలు, స్కాలర్‌షిప్పులు, అన్నీ. ఆ పిల్ల వచ్చే నెల మళ్ళీ ఫోన్ చేస్తానంది. ఈలోగా నా దగ్గర సరైన జవాబులుండాలి.

జై భీమ్.